ఎంగిలి ఎరుగని యంత్రం

భోజనానికి రెండు కొసలు ఉన్నవి. ఒక కొసన వంట, రెండవ కొసన అంట్లు. మొదటి కొసను గురించి మానవుడు ఎంతో ఆలోచించినాడు. ఉపనిషత్తు అన్నాన్ని బ్రహ్మమని భావించినది. అన్నదానాన్ని మించిన దానం లేదని లోకం విశ్వసించినది. నలపాకమని, భీమపాకమని రాజుల పేర్లతో కలిపి భాష వంటను గౌరవించినది. రెండవ కొసకు ఇట్టి గౌరవమేదీ దక్కలేదు. నలుడు వండిన గిన్నెలను తోమినవారు ఎవరో ఎవరికీ తెలియదు. తిన్న కంచం ఎవరు కడగవలెనన్న ప్రశ్న తత్త్వవిచారంలో చోటు ఇవ్వదగినంత పెద్దదిగా పండితులకు తోచలేదు.

ఒక ప్రశ్న చిన్నదిగా కనిపించడానికి రెండు కారణాలు ఉండవచ్చు. అది నిజంగానే చిన్నది కావచ్చు. లేదా దాని బరువును మోసేవారికి నోరు లేకపోయి ఉండవచ్చు. అంట్ల విషయంలో రెండవ కారణమే సత్యమని చెప్పవలసి ఉన్నది. రోజుకు రెండు మూడు పూటలు, ఏడాదికి 365 రోజులు, ప్రతి ఇంటా తప్పక జరిగి తీరవలసిన పనిని చిన్న పని అనడానికి వీలు లేదు. దానిని చేసేవారిని చిన్నవారుగా ఎంచడం వలన ఆ పని కూడ చిన్నదై కనిపించినది.

ఇప్పుడు ఆ పనికి ఒక యంత్రం వచ్చినది. డిష్‌వాషర్ అన్న పేరుతోనే అది హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో మధ్యతరగతి వంటిళ్ళలోనికి ప్రవేశిస్తున్నది. దానితోపాటు దానికి మాత్రమే పనికివచ్చే డిటర్జెంటు పొడి, బిళ్ళ, వాటి నియమాలు కూడ వచ్చినవి. ఏ పాత్రను గీకి పెట్టవలెను, దేనిని లోపల పెట్టరాదు, దేనిని ఏ ముఖంగా నిలపవలెను అన్న ఈ నియమాలు పైకి కేవలం గృహకృత్యాలు. కాని వాటి వెంట కొంత దూరం నడచినవానికి, శుభ్రత అనగా ఏమి, ఒకరి శుభ్రత కొరకు మరొకరు ఎందుకు మలినపడవలెను అన్న పాత ప్రశ్న ఎదురుపడక మానదు.

తెలుగులో కడగవలసిన పాత్రలకు అంట్లు అని పేరు. అంటడం అనగా తాకడం, పట్టుకొని ఉండడం. అంటుమామిడిలో ఉన్నది ఆ ధాతువే. అంటువ్యాధిలో ఉన్నదీ అదే. అంటరానితనంలో ఉన్నదీ అదే. ఒకే ధాతువు ఒకచోట రెండు చెట్లను ఒకటి చేసినది, మరొకచోట మనుష్యులను రెండుగా చీల్చినది. అన్నం అంటిన గిన్నెను తోమితే ఆ అంటు పోతుంది. మనిషికి అంటగట్టిన అంటు మాత్రం ఏ నీటితోనూ పోదని సంఘం శాసించినది.

ఈ మాట పక్కనే ఎంగిలి అన్న మాట ఉన్నది. హిందీలో దానికి జూఠా అని సమానపదం. ఇంగ్లీషులోనికి దీనిని తీసికొనిపోవలసి వచ్చినప్పుడు అనువాదకుడు చేతులెత్తవలసినదే. మిగిలినది, తిన్నది, మలినమైనది అన్న అర్థాలలో ఏ ఒక్కటీ దానికి సరిపోదు. వండిన గిన్నెలో మిగిలిన అన్నం ఎంగిలి కాదు. తిన్న కంచంలో, వేలు తగలకుండ ఒక ప్రక్కన మిగిలిన అన్నం ఎంత తెల్లగా ఉన్నా ఎంగిలే. కావున ఎంగిలి పదార్థంలో ఉన్న గుణం కాదు. ఇది ఎవరి నోటిదో, దీనిని ఎవరు ముట్టవలసి ఉన్నదో, ఆ ఇద్దరి మధ్యనున్న సంబంధానికి పెట్టిన పేరు అది.

ఆ సంబంధానికి ఒక దిక్కు కూడ ఉన్నది. అథర్వవేదంలోని 11వ కాండలో ఉచ్ఛిష్టాన్ని స్తుతించే సూక్తం ఒకటి ఉన్నది. యజ్ఞంలో మిగిలినదానిని అది సమస్త జగత్తుకు ఆధారంగా కీర్తిస్తుంది. యజ్ఞశేషాన్ని భుజించేవారికి పాపవిముక్తి కలుగుతుందని భగవద్గీత బోధిస్తుంది. దేవునికి నివేదించగా మిగిలినది ప్రసాదం. గురువు భుజించగా మిగిలినది శిష్యునికి భాగ్యం. భర్త తిన్న విస్తరిలో భార్య తినడం ధర్మమని ఒకప్పుడు మెచ్చుకొన్నారు. పై నుండి క్రిందికి వచ్చినంతవరకు ఎంగిలి పవిత్రమే. క్రింది నుండి పైకి పోబోయినప్పుడే అది అపవిత్రమవుతుంది. నీటివలె ఎంగిలికి కూడ పల్లానికి పారడమే స్వభావమని సంఘం నిర్ణయించినది.

ఈ నిర్ణయం జనహృదయానికి పూర్తిగా నచ్చినట్లు లేదు. శబరి కొరికి రుచి చూచిన పండ్లను రాముడు ఆరగించినాడన్న కథ వాల్మీకి రామాయణంలో లేదు; అయినను జనం దానిని కల్పించుకొని, నేటివరకు విడిచిపెట్టలేదు. తిన్నడు పుక్కిట పట్టి తెచ్చిన నీటిని శివుడు అభిషేకంగా స్వీకరించినాడని శ్రీకాళహస్తిలో నేటికీ చెప్పుకొంటారు. ఆ తిన్నని కథ ధూర్జటికి కావ్యవస్తువైనది. ఈ కథలలో ఎంగిలి పల్లం నుండి మిట్టకు ఎక్కినది. దేవుడు అంగీకరించిన ఈ మార్పును వంటింటిలో గృహస్థు మాత్రం అంగీకరించలేదు.

హిందీ రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో వెలువడిన తన ఆత్మకథకు జూఠన్ అని పేరు పెట్టినాడు. పెండ్లి విందులలో అతిథులు తిని విడిచిన విస్తళ్ళలోని మిగులే తన కులంవారి కష్టానికి ప్రతిఫలమైన ఒక బాల్యాన్ని, ముజఫర్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెను ఆయన అందులో చిత్రించినాడు. ఆ పేరు తెలుగు పాఠకుని చెవిని పడగానే, వివరణ అక్కరలేకుండ, దాని బాధ అర్థమవుతుంది. ఒక మాట ఒక భాష నుండి ఇంకొక భాషకు ఇంత సులభంగా దాటడం అనువాదకునికి సంతోషకరమైన విషయం కావలెను. ఇక్కడ మాత్రం ఆ సులభత, ఒకే దురాచారం రెండు భాషల నేలను సమానంగా ఆక్రమించినదనడానికి సాక్ష్యం.

ఇట్టి దేశంలోనికి వచ్చిన యంత్రం ఎక్కడ పుట్టినది? అమెరికాలో 1850లోనే జోయెల్ హౌటన్ అనే అతడు చేతితో త్రిప్పే కొయ్యపెట్టె ఒకదానికి పేటెంటు పొందినాడు. అది అంతగా పనికిరాలేదు. పనికివచ్చిన యంత్రాన్ని నిర్మించిన కీర్తి ఇల్లినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్‌లో నివసించిన జోసెఫీన్ కాక్రేన్ అనే గృహిణిది. కంచాలు, గిన్నెలు కదలకుండ నిలిచే తీగల అరలను అమర్చి, వాటిమీదికి నీటిని బలంగా చిమ్మించే ఏర్పాటుకు ఆమె 1886 డిసెంబరు 28వ తేదీన పేటెంటు పొందినది. విలువైన పింగాణీ పళ్ళాలు సేవకుల చేతులలో అంచులు విరగడం చూచి విసిగి ఆమె ఈ పనికి పూనుకొన్నదని చెప్పుతారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రానికి పేరు వచ్చినది. మొదట దానిని కొన్నవి హోటళ్ళు. సామాన్య గృహాలలోనికి అది చేరడానికి మరి అర్ధశతాబ్దం పైగా పట్టినది.

యంత్రాలను విమర్శించిన గాంధీ 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చినాడు. తన భార్య సూదితో కుట్టుతూ పడే శ్రమను చూడలేక సింగర్ దానిని కల్పించినాడని, ప్రేమలో పుట్టిన యంత్రం గనుక అది మన్నించదగినదని ఆయన భావం. ఆ గీటురాయి మీద గీచి చూస్తే పాత్రలు కడిగే యంత్రం తేలిపోతుంది. శ్రమించే చేతిమీది దయవలన కాదు, ఆ చేతిమీది అపనమ్మకం వలన అది పుట్టినది. కాని కథ అక్కడ ఆగలేదు. 1883లో భర్త మరణించి, అప్పులు మిగిలిన తరువాత, జోసెఫీన్ కాక్రేన్‌కు ఆ యంత్రమే జీవనాధారమైనది. పింగాణీ కొరకు మొదలైన పని ఒక వితంతువును తన కాళ్ళమీద నిలిపినది. మనిషికి జన్మను బట్టి గుణం నిర్ణయించరాదు. యంత్రానికి కూడ ఆ న్యాయాన్నే వర్తింపజేయడం మేలు.

మాలిన్యాన్ని ఈ యంత్రం ఎట్లు చూస్తుందో గమనించదగినది. పూర్వం తెలుగు ఇళ్ళలో బూడిద, ఇటుకపొడి, కొబ్బరిపీచు అంట్లకు సాధనాలు. ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ అనే క్షారం ఉన్నది. అది తడిసి, జిడ్డుతో కలిసి, ఆ జిడ్డులో కొంత భాగాన్ని సబ్బుగా మార్చి విడదీస్తుంది. నేటి డిటర్జెంటు పొడిలో దానికి సోదరమైన సోడియం కార్బొనేట్ ఆ పనినే చేస్తున్నది. రంగురంగుల కాగితంలో చుట్టి వచ్చిన బిళ్ళ, పెరటిలో పొయ్యి బూడిదకు అంత దూరపు చుట్టమేమీ కాదు.

దానికి తోడు డిటర్జెంటులో ఎంజైములు అనబడే జీవరసాయనాలు ఉంటవి. పప్పు, పాలు, గ్రుడ్డు, మాంసం విడిచిన మాంసకృత్తులను ప్రోటియేజ్ ఛేదిస్తుంది. అన్నం, గంజి, పిండి విడిచిన జిగురును అమైలేజ్ ఛేదిస్తుంది. మనిషి అన్నం నమలగానే నోటిలో దానిని జీర్ణం చేయ మొదలుపెట్టేది కూడ అమైలేజే. అది లాలాజలంలో ఉన్నది. డిటర్జెంటులోనిది సూక్ష్మజీవుల నుండి తీసినది. కాని పని ఒక్కటే, జాతి ఒక్కటే. ఏ లాలాజలం తగలడం వలన కంచం ఎంగిలి అయినదని అంటారో, ఆ లాలాజలంలోని పదార్థానికి దాయాదియైన పదార్థమే ఆ కంచాన్ని శుభ్రం చేస్తున్నది. ఎంగిలి అన్న భావనకు ప్రకృతి ఇచ్చిన సమాధానం ఇంతకంటె స్పష్టంగా ఉండనక్కరలేదు.

యంత్రానికి తెలిసిన మాలిన్యాలు ఇవి: జిడ్డు, పిండి, మాంసకృత్తులు, తేనీటి మరక, కఠినజలం విడిచిన సున్నపు తెలుపు. వీటిలో ప్రతిదానికి ఒక విరుగుడు ఉన్నది. మరకకు ప్రాణవాయువును విడుదల చేసే పెర్‌కార్బొనేట్. నీటి కాఠిన్యానికి ఉప్పుతో పనిచేసే ఏర్పాటు. ఆ పట్టికలో ఎంగిలి లేదు, మైల లేదు. ఎవరు తిన్నారో తెలిసికొనే సాధనం యంత్రం వద్ద లేదు. పైగా అది నురుగును కూడ నమ్మదు. చేతితో తోమేవారికి నురుగు శుభ్రతకు గుర్తు. యంత్రంలో నురుగు చిమ్మే నీటి బలాన్ని తగ్గిస్తుంది. అందుచేతనే చేతితో తోమే సబ్బునీటిని అందులో పోయరాదు. శుభ్రమైనట్లు కనిపించడం వేరు, శుభ్రం కావడం వేరు అన్న పాఠం ఇందులో ఇమిడి ఉన్నది.

అయితే యంత్రం సర్వాన్ని తానే చేయదు. కంచంలోని ఎముకను, ములక్కాడ పిప్పిని, కరివేపాకును, చింతపండు తొక్కును అది తీసివేయజాలదు. అవి దాని జల్లెడలో చిక్కుకొంటవి. వాటిని మనిషే గీకి పారవేయవలెను. కాని గీకిన తరువాత కుళాయి క్రింద పట్టి మెరిసేటట్లు కడిగి లోపల పెట్టడం కూడ తప్పే. అట్లు చేస్తే నీరు వృథా; ఎంజైముకు పని లేదు; నీటి మురికిని కొలిచి తన పనిని నిర్ణయించుకొనే యంత్రమైతే పాత్రలు శుభ్రంగానే ఉన్నవని మోసపోయి, జిడ్డును పూర్తిగా వదలించకుండనే పని ముగిస్తుంది. గీకవలెను గాని కడగరాదు; ఇదే దాని ప్రధాన నియమం.

పాత్రలను అమర్చడానికి కూడ పద్ధతి ఉన్నది. గిన్నెలు బోర్లించవలెను. కంచాల ముఖాలు నీరు చిమ్మే వైపు ఉండవలెను. ఒక గరిటె మరొక గరిటెలో ఒదిగిపోరాదు, దాగినది శుభ్రపడదు. పొడవైన అట్లకాడ, నీరు చిమ్మే రెక్కకు అడ్డు తగలరాదు. అల్యూమినియం గిన్నె ఆ క్షారంలో నల్లబడుతుంది. ఇత్తడి, రాగి కాంతి కోల్పోతవి. నూనె పట్టి పదునెక్కిన ఇనుప పెనం ఆ పదును పోయి త్రుప్పు పడుతుంది. కొయ్య గరిటె పగులుతుంది. వీటిని చేతితోనే కడగవలెను. యంత్రం చూపే భేదాలు ఇవి మాత్రమే. అవి లోహాన్ని బట్టి ఏర్పడినవి, తిన్న మనిషిని బట్టి కాదు.

కావున యంత్రం వచ్చిన ఇంటిలో మనిషికి మిగిలిన పని అతి స్వల్పం. ఉజ్జాయింపుగా ఒక కంచానికి కొన్ని క్షణాలు. నడుము వంచనక్కరలేదు, చేతులు నీటిలో నాననక్కరలేదు. కాని ఆ కొన్ని క్షణాలలోనే ఎంగిలి అన్న భావన అంతా దాగి ఉన్నది. తోమడం యంత్రం చేస్తుంది. ఎంగిలిని ముట్టడం మాత్రం మనిషికే మిగిలినది. ఆ మనిషి ఎవరు? ఈ వ్యాసం అడగదలచిన ప్రశ్న ఇంతే.

2020 మార్చి 25వ తేదీన దేశమంతటా లాక్‌డౌన్ ప్రారంభమైనప్పుడు, నగరాలలో పనిమనుషులు ఇళ్ళకు రాలేకపోయినారు. అంతవరకు అంట్ల ముఖం చూడని ఎందరో ఆ దినాలలో వాటిని తోమినారు. ఈ యంత్రాల అమ్మకం ఆ ఏడాదిలోనే పెరిగినది. పని ఎంత బరువైనదో చేసినవారికి తెలిసినది. తెలిసిన తరువాత రెండు దారులు కనిపించినవి. ఒకటి, ఆ బరువును ఇన్నేండ్లు మోసిన మనిషిని గురించి ఆలోచించడం. రెండవది, ఆ బరువును యంత్రానికి అప్పగించి ఊరట చెందడం. రెండవ దారిలో నడచినవారే ఎక్కువ.

పనిమనిషి తిరిగి వచ్చినది; యంత్రం ఉండిపోయినది. అట్టి ఇళ్ళలో కంచాలు గీకి యంత్రంలో సర్దే పని చాలా చోట్ల ఆమెకే వచ్చినది. అనగా శ్రమ తగ్గినది గాని దిక్కు మారలేదు. తిన్నవారు కంచాన్ని బల్లమీదనే విడిచి చేయి కడుగుకొంటారు. ఎంగిలి ఎప్పటివలెనే పల్లానికి పారుతుంది.

ఇంకొక విషయం ఉన్నది. అనేక గృహాలలో పనిమనిషికి తేనీరు ఇచ్చే గ్లాసు వేరు, అన్నం పెట్టే పళ్ళెం వేరు. అవి వంటింటి అరలో ఉండవు. పెరటి గట్టు మీదనో, కిటికీ మూలనో, అంట్ల తొట్టి క్రిందనో ఉంటవి. ఆ ఇంటిల్లిపాది ఎంగిలి ఆమె చేతికి అంటవచ్చు. ఆమె పెదవి తగిలిన గ్లాసు మాత్రం ఆ ఇంటి గ్లాసుల నడుమ నిలువరాదు. పల్లెటూరి తేనీటి దుకాణాలలో దళితులకు వేరు గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని నిందించే విద్యావంతుడు, తన ఇంటి కిటికీ మూలనున్న ఆ రెండవ గ్లాసును చూడడు. ఏండ్ల తరబడి అక్కడే ఉండడం వలన అది గోడలో భాగమైపోయినది.

ఇప్పుడు యంత్రం తలుపు తెరచి ఉన్నది. అరలో ఇంకా చోటు ఉన్నది. ఆ గ్లాసును అందులో పెట్టవచ్చునా? ప్రశ్న ఇంత చిన్నది. సమాధానం చెప్పడానికి చాలామంది గృహస్థులు తడబడుతారు.

ఆరోగ్యం కొరకు వేరుగా ఉంచినామని వారు చెప్పుతారు. వ్యాధి సోకిన మనిషి పాత్రలను కొన్ని దినాలు వేరుగా ఉంచడంలో తప్పు లేదు. ఆ నియమం ఇంటి యజమానికైనను ఒక్కటే. కాని ఆరోగ్యవంతురాలైన స్త్రీ గ్లాసును ఇరువది ఏండ్లు వేరుగా ఉంచడానికి ఆరోగ్యశాస్త్రంలో ఆధారం లేదు. ఆ గృహస్థే హోటలుకు పోయి, ఎవరెవరో తిన్న కంచంలో, ఎవరు కడిగినారో తెలియకుండ, నిశ్చింతగా భోజనం చేస్తున్నాడు. వేడినీరు, క్షారం, ఎంజైములు గంటకు పైగా పనిచేసిన తరువాత కూడ ఒక గ్లాసుకు ఏదో అంటి ఉన్నదని ఆయన భావిస్తే, ఆ అంటు గ్లాసుకు అంటినది కాదు. యంత్రం రాకముందు ఈ సంగతిని ఆరోగ్యమన్న మాట చాటున దాచడానికి వీలుండేది. యంత్రం ఆ చాటును తొలగించినది. అది చేసిన మేలులలో ఇదే పెద్దదేమో.

ఇంకొక ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. యంత్రం పనిమనిషి జీవనోపాధిని తీసివేస్తుంది గదా, ఆమె గ్లాసు ఎక్కడ ఉన్నదన్న చర్చ ఆమెకు అన్నం పెడుతుందా అని అడిగేవారు ఉన్నారు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. నాలుగిళ్ళ అంట్లు తోమి పిల్లలను చదివించే స్త్రీకి, ఒక ఇంటి అంట్లు పోవడం నెలజీతంలో ఒక భాగం పోవడమే. కాని ఆమె ఉపాధిని కాపాడడం కొరకు ఆమె నడుము వంగి ఉండవలెననడం ఒక విధమైన దయగా కనిపించే స్వార్థం. ఇంటిపనివారి హక్కులను గుర్తించే 189వ ఒడంబడికను అంతర్జాతీయ శ్రామిక సంస్థ 2011లో ఆమోదించినది. భారతదేశం దానిని ఇంకను ధ్రువీకరించలేదు. ఇంటిపనివారి కొరకు చట్టం అవసరమేమో పరిశీలించుటకు సంఘాన్ని నియమించవలెనని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వానికి సూచించినది. వేతనం, సెలవు, వృద్ధాప్యంలో ఆధారం: ఇవి చట్టం ఇవ్వవలసినవి. గ్లాసును వేరుగా పెట్టకపోవడం చట్టం కొరకు వేచి ఉండవలసిన పని కాదు. ఒకదానిని చూపి రెండవదానిని ఎగవేయడం ధర్మం కాదు.

తన ఎంగిలిని తానే ఎత్తడం ఒక వ్రతంగా స్వీకరించినవారు ఈ దేశచరిత్రలో లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో 1910లో ఏర్పడిన టాల్‌స్టాయ్ క్షేత్రంలో ఎవరి కంచాన్ని వారే కడుగుకోవలెనన్నది నియమం. ఉమ్మడి వంటపాత్రలను వంతులవారీగా తోమేవారు. ఆ నియమానికి వెనుక ఒక చేదు అనుభవం కూడ ఉన్నది. 1898లో డర్బనులోని ఇంటిలో, పంచముల కుటుంబంలో పుట్టిన ఒక గుమాస్తా వాడిన మూత్రపాత్రను కస్తూరిబా సంతోషంగా శుభ్రం చేయలేదని గాంధీ ఆగ్రహించి, ఆమెను చేయి పట్టి గేటు వరకు లాగుకొనిపోయినాడు. ఆ సంగతిని ఆయన తన ఆత్మకథలో సిగ్గుతో చెప్పుకొన్నాడు. ఎంత గొప్ప ఆదర్శమైనను ఇంకొకరి చేతిమీద రుద్దినప్పుడు అది ఆదర్శంగా మిగలదు. తన ఎంగిలిని తాను ఎత్తడం వ్రతం. భార్యచేత ఎత్తించడం అధికారం.

ఈ హెచ్చరిక నేటి గృహాలకు అనవసరం కాదు. పనిమనిషి చేత గీకించరాదని నిశ్చయించిన గృహస్థు, ఆ పనిని ఇల్లాలి చేతిలో పెట్టి తాను సంస్కర్తనని తృప్తి పడవచ్చు. అప్పుడు ఎంగిలి ఒక మెట్టు దిగడానికి బదులు ఒక మెట్టు మీదనే ఆగినది. దాని దిక్కు మాత్రం పల్లానికే.

సిక్కుల గురుద్వారాలలో ఈ దిక్కును మార్చే ప్రయత్నం వందల ఏండ్లుగా సాగుతున్నది. లంగరులో అందరు ఒకే పంక్తిలో కూర్చుండి తింటారు. తిన్న పళ్ళాలను కడగడం అక్కడ సేవ. అమృతసరంలోని స్వర్ణమందిరంలో వర్తకుడు, ఉద్యోగి, రైతు, విద్యార్థి పొడవైన తొట్ల వద్ద పక్కపక్కన నిలిచి, తాము ఎరుగని వేలమంది ఎంగిలి పళ్ళాలను కడుగుతారు. తప్పు చేసిన పెద్దలకు అకాల్ తఖ్తు విధించే ప్రాయశ్చిత్తాలలో కూడ ఈ పని ఒకటి. అక్కడ పళ్ళెం కడిగినవాడు తక్కువవాడు కాడు. ఒక పనికి మర్యాద ఇవ్వడమన్నది పొగడ్తతో కాక, పెద్దవారు ఆ పనికి చేయి కలపడంతోనే జరుగుతుందని ఆ తొట్లు చాటుతున్నవి.

మాలిన్యం ప్రయాణం పళ్ళెంతో ముగియదు. పళ్ళెం మీదినుండి పోయినది నీటిలోనికి పోయినది. నీరు కాలువలోనికి, కాలువ చెరువులోనికి పోయినవి. శుభ్రపరచడమనగా మాలిన్యాన్ని నాశనం చేయడం కాదు, దాని చోటు మార్చడం మాత్రమే. చాలాకాలం ఈ డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లు అధికంగా ఉండేవి. అవి గాజుపాత్రలను మెరిపించినవి. సరస్సులలో చేరి నాచును విపరీతంగా పెంచి, నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలను చంపినవి. అందుచేత 2010లో అమెరికాలోని అనేక రాష్ట్రాలు, 2017లో ఐరోపా సమాఖ్య ఈ డిటర్జెంట్లలో వాటిని కఠినంగా పరిమితం చేసినవి.

భారతదేశంలో ఈ యంత్రాల సంఖ్య స్వల్పం గనుక ఆ నేరాన్ని వాటిమీద మోపడం న్యాయం కాదు. కాని బట్టల సబ్బుపొడులతో కూడి, శుద్ధి కాకుండ పారే మురుగునీరు ఏమి చేయగలదో అందరు చూచినారు. బెంగుళూరులోని బెళ్ళందూరు చెరువు నురుగు 2015లో రోడ్డుమీదికి పొంగి, అంటుకొని మండినది. ఢిల్లీలో కాళిందీకుంజ్ వద్ద యమునలో ఛఠ్ పూజకు దిగిన స్త్రీలు తెల్లని నురుగు నడుమ సూర్యునికి అర్ఘ్యం ఇస్తున్నారు. ఎగువ ఇళ్ళ శుభ్రత దిగువవారి నీటిలో మాలిన్యంగా తేలినది. ఇక్కడ కూడ ఎంగిలి పల్లానికే పారినది.

యంత్రం నీటిని దుబారా చేస్తుందన్న అపోహ ఒకటి ఉన్నది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో వివిధ ఐరోపా దేశాలవారిచేత చేయించిన పరిశీలనలో, 12 మంది భోజనపాత్రలను చేతితో కడగడానికి సగటున 100 లీటర్లకు పైగా నీరు ఖర్చైనది. యంత్రానికి అందులో చిన్న భాగం చాలినది. బకెట్టు నీటితో పొదుపుగా తోమే తెలుగు స్త్రీకి ఈ లెక్క వర్తించదు. ధారగా విడిచిన కుళాయి క్రింద కడిగేవారికి వర్తిస్తుంది. కావున నింపకుండ యంత్రాన్ని నడపడం, ముందుగా కుళాయి క్రింద కడగడం, అవసరానికి మించి పొడి పోయడం విడిచిపెడితే చాలు. ఎవరో ఎరుగని దిగువవానిపట్ల చూపగలిగిన మర్యాద అది. తన కంచాన్ని ముట్టేవారిని గురించి ఆలోచించినవాడు, తన నీటిని త్రాగేవారిని గురించి కూడ ఆలోచించక తప్పదు.

భారతకథలో కడిగిన పాత్రకు సంబంధించిన ఘట్టం ఒకటి ప్రసిద్ధమైనది. సూర్యుడు ప్రసాదించిన అక్షయపాత్ర ద్రౌపది భుజించేవరకే అన్నం ఇస్తుంది. ఆమె భుజించి, పాత్రను కడిగి బోర్లించిన తరువాత దూర్వాసుడు శిష్యులతో వచ్చినాడు. కృష్ణుడు ఆ పాత్రను తెప్పించి చూచినాడు. అంచున ఒక కూరాకు, ఒక మెతుకు అంటి ఉన్నవి. ఆయన దానిని తీసికొని నోటిలో వేసికొన్నాడు. లోకం ఆకలి తీరినది. ఈ కథను మహిమగా చెప్పుకొనేవారు ఒక సంగతిని గమనించరు. అది ద్రౌపది తిన్న తరువాత మిగిలినది. లోకనాథుడు దానిని ఎంగిలి అనలేదు, అంటు అనలేదు. ఆ పాత్రను తోమిన చేయి దేనినో విడిచినదని కోపించలేదు కూడ.

అంతటి దృష్టి అందరికీ అలవడదు, అలవడనక్కరలేదు. గృహస్థు నుండి కోరదగినది చాలా తక్కువ. తిన్నవాడు లేచి తన కంచాన్ని తానే గీకవలెను. పురుషుడైనను, అతిథిగా వచ్చిన బంధువైనను, చదువుకొనే పిల్లవాడైనను ఇది చేయవలెను. కిటికీ మూలనున్న గ్లాసును తెచ్చి మిగిలిన గ్లాసుల పక్కన బోర్లించవలెను. పని ముగిసి యంత్రం తలుపు తెరచినప్పుడు ఏ గ్లాసు ఎవరిదో గుర్తించలేకపోతే, ఆ తరువాత ఏ గ్లాసులో ఎవరు త్రాగినా ఒక్కటే అవుతుంది.

ఇట్లు చేసిన గృహస్థు ఘనకార్యమేమీ చేయలేదు. అతడు ఒక అన్యాయాన్ని తన ఇంటిలో ఆపినాడు, అంతే. జీతం పెంచడం, సెలవు ఇవ్వడం, చట్టాన్ని కోరడం ఇంకా మిగిలి ఉన్నవి. కాని మిగిలిన పనులు చేయవలసిన చేయి, ముందుగా ఆ గ్లాసును ఎత్తడం నేర్చుకోవలసి ఉన్నది. అరలో దానికి చోటు ఉన్నదని యంత్రం చెప్పజాలదు. ఆ మాట ఇంటివారే చెప్పవలెను.